అమ్మడికి, రథసప్తమి నాడు

తెనాలి,
25 జనవరి 2026.

చి.ల.సౌ. అమ్మడికి,

నాన్న ఆశీర్వదించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. నువ్వు, అల్లుడుగారు, చిన్నది క్షేమంగా ఉన్నారని తలుస్తాను.

ఫోనుండగా ఉత్తరమేమిటని నవ్వుతావని తెలుసు. ఫోనులో అయితే "మీటింగులో ఉన్నా, మళ్లీ చేస్తా నాన్నా" అని పెట్టేస్తావు. మళ్లీ చేయవు. కాగితమైతే మధ్యలో పెట్టేయడానికి ఉండదు.

ఇవాళ రథసప్తమి కదా. తెల్లవారకుండానే లేపి, నెత్తినా భుజాలమీదా జిల్లేడాకులు పెట్టి, చెంబులతో నీళ్లు కుమ్మరించింది మీ అమ్మ. తులసికోట దగ్గర పిడకలమీద పాలు పొంగించి, చిక్కుడాకుల్లో పరమాన్నం నైవేద్యం పెట్టింది. చిక్కుడుకాయల రథం కట్టింది నేను. చక్రాలు వంకరగా ఉన్నాయని సూర్యభగవానుడికంటే ముందు ఆవిడే కనిపెట్టింది. ఏడు గుర్రాలాయన రథం ఎలా ఉన్నా నడుపుకుంటాడులే అన్నాను. గుర్రాల మాట వచ్చింది కనుక అడుగుతున్నాను, అంతకు మించి ఏమీ లేదు. మీ కాలనీలో ఆ గుర్రాల గొడవేమిటి?

ఎవరు చెప్పారని అడగకు. చిన్నత్తే చెప్పింది. మీ పక్క ఖాళీ స్థలంలో బరాత్ గుర్రాలు, అదే పెళ్లి ఊరేగింపు గుర్రాలు, కట్టుకునే మనిషి వాటిని ఊరిమీదికి వదిలేశాడట. నాలుగూ మీ వీధిలోనే తిరుగుతున్నాయట, నీ పెరట్లో గోంగూర మొదలంటా మేశాయట. నువ్వు వీడియో తీసి కాలనీ గ్రూపులో పెట్టి, పోలీస్ స్టేషన్లో కాగితం ఇచ్చావట. ఆ రాత్రే అతను ఇద్దరు ముగ్గుర్ని వెంటేసుకుని మీ గేటు దగ్గరికొచ్చి కేకలేశాడట. అల్లుడుగారేమో పుణెలో ఉన్నారట. మీ అత్త చెప్పినదాంట్లో సగం తీసేసినా, మిగిలిన సగం చాలు నాకు నిద్ర పట్టకపోవడానికి.

అదలా ఉంచు. పెదనాన్నకి రెండో కన్ను ఆపరేషన్ బాగా జరిగింది. చుక్కలు వేయించుకోవడానికి మాత్రం చంటిపిల్లాడిలా ఏడిపిస్తున్నాడు. మన చెరుకురసం మామిడిచెట్టు ఈసారి విరగబూసింది, మంచు పడితే ఎంత నిలుస్తుందో చూడాలి. బుజ్జిగాడు ఆ ఉద్యోగం వద్దన్నాడు, మీ పిన్ని ఇంకా నాతో సరిగ్గా మాట్లాడటం లేదు, వాడికి నేనేదో నూరిపోశానని. మీ గేటుకి లోపలివైపు గడియ ఉందా? పోయినసారి వచ్చినప్పుడు చూశాను, కొక్కెం ఒకటే ఉంది. బయటినుంచి చెయ్యి పెట్టినా తెరుచుకుంటుంది.

సంక్రాంతికి ఆఫీసు పనని రాలేదు నువ్వు. ఆఫీసు పనేనా?

నువ్వు చేసింది తప్పని నేననడం లేదు. ఒకమాట మాత్రం ఆలోచించు. నవంబర్ ఆఖరులో శుక్రమూఢం పట్టింది. ఫిబ్రవరి మూడోవారం దాకా వదలదు. మాఘమాసం మొత్తం ఒక్క ముహూర్తం లేదు. మనకి అది శుభలేఖలు రాని కాలం, అంతే. బరాత్ గుర్రాలవాడికి రూపాయి పుట్టని కాలం. గుర్రం గుడ్డిదైనా దాణాలో తక్కువ లేదంటారు. పెళ్లి ఉన్నా లేకపోయినా ఒక్కో గుర్రం రోజుకి ఏడెనిమిది కిలోల మేత తింటుంది, 30 లీటర్ల నీళ్లు తాగుతుంది. ఆరేడు వారాలకోసారి గిట్టలు చెక్కించి లాడాలు మార్చాలి. అతను చేతులెత్తేసి పలుపు విప్పేసి ఉంటాడు. విప్పేయడం న్యాయమని కాదు. ఎందుకు విప్పాడో తెలిస్తే ఏం చేయాలో తెలుస్తుంది.

మన స్టేషన్ జట్కా తాత గుర్తున్నాడా? నీకెలా గుర్తుంటాడు, నువ్వు పుట్టకముందు సంగతి. ఆటోలొచ్చాక స్టేషన్ బయట జట్కా ఎక్కేవాళ్లే కరువయ్యారు. మూటలున్న ముసలమ్మలు తప్ప. ఆయనకి రాణి అని ఒక ఆడగుర్రం ఉండేది. పగలు బండికి కట్టేవాడు, ఉలవలు పెట్టే శక్తి లేక రాత్రిళ్లు ఎవరూ చూడకుండా వదిలేవాడు. అది కాలువ దాటి పొలాల్లో పడేది. సరిగ్గా ఇదే రోజుల్లో, మాగాణుల్లో మినుము పూతమీదుండగా ఒక రైతుకి దొరికింది. ఆయన ఊరు ఊరంతా వినేట్టు తిట్టుకుంటూ దాన్ని బందెలదొడ్డికి, అంటే చేలు మేసిన పశువుల్ని కట్టేసే దొడ్డికి, తోలించాడు. చట్టప్రకారం ఆయన చేసింది సరైనదే. 1871లో తెల్లవాళ్లు చేసిన చట్టం, అందులో పశువులంటే ఆవులూ గేదెలే కాదు, గుర్రాలు, గాడిదలు, ఆఖరికి ఏనుగులు కూడా ఉన్నాయి. చేను మేసినదాన్ని పట్టుకుని 24 గంటల్లోపు దొడ్డికి పంపాలి. అపరాధ రుసుమూ మేత ఖర్చూ కట్టి సొంతదారు విడిపించుకోవాలి.

తాత దగ్గర ఏముంది కట్టడానికి? రోజులు గడిచేకొద్దీ మేత ఖర్చు పెరిగిపోయింది. గుర్రాన్ని చూసి రాయమని పశువుల ఆసుపత్రి నుంచి కాంపౌండర్నైన నన్ను పంపారు, డాక్టరుగారు సెలవులో ఉన్నారు. ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. దొడ్డివాడు వరిగడ్డి పడేశాడు, అది దాన్ని ముట్టకుండా గుంజకర్ర కొరుకుతూ నిలబడింది. పక్కటెముకలు దూరంనుంచే లెక్కపెట్టొచ్చు. వీపుమీద జీను ఒరుసుకున్న చోట అరచేతంత పుండు, అంచులు గట్టిపడి, మధ్యలో ఈగలు. గిట్టలు పెరిగి పెరిగి ముందుకు వంగిపోయాయి, మడమమీద బరువేసి నడుస్తోంది. నేను చెయ్యి చాపితే పెదవులతో అరచేతిలో గింజకోసం తడిమింది.

వేలం వేశారు. ఒక్కడూ పాడలేదు. గుర్రాన్ని పట్టించిన రైతు, తను గెలిచినట్టు చూసుకోవడానికి రోజూ వచ్చేవాడు. నాలుగోనాడో అయిదోనాడో సైకిల్‌మీద జొన్నచొప్ప కట్ట తెచ్చాడు. "ఈ దరిద్రం నా నెత్తికి చుట్టుకుందేమిటయ్యా కాంపౌండర్‌గారూ" అని నామీదే విసుక్కున్నాడు. చివరికి రుసుము కూడా ఆయనే కట్టాడు. తాత రాత్రిళ్లు ఆయన వామి దగ్గర కాపలా పడుకోవాలి, గుర్రం అక్కడే గాటన ఉండాలి, మేత రైతుది, లద్దె చేలోకి. అదీ వాళ్ల ఒప్పందం. నోటిమాటే. పుండు మానింది, గిట్టలు నేనే మనిషిని తీసుకెళ్లి చెక్కించాను.

కథ ఇక్కడితో ఆపితే బాగుండేది. తర్వాత రెండేళ్లకి పక్కింట్లో పెళ్లి జరిగితే, పాపం మూగజీవమని మిగిలిన పులిహోరా బూరెలూ బకెట్టుతో తెచ్చి పెట్టారు. గుర్రానికి వాంతి రాదమ్మా. తిన్నది కడుపులో పులిసినా బయటికి తోయలేదు. నేను వెళ్లేసరికి కింద పడి పొర్లుతోంది, డొక్కలవైపు తిరిగి తిరిగి చూసుకుంటోంది. డాక్టరుగారు ముక్కులోంచి గొట్టం వేశారు, తాతా నేనూ తెల్లవార్లూ నడిపించాం. దక్కలేదు.

ఇంతసేపూ ఇది ఎందుకు చెప్పానంటే, మీ కాలనీలో కూడా జాలిగుండెలవాళ్లు ఉంటారు. అన్నం, బ్రెడ్డు, మిగిలిన కూరలు పెట్టవద్దని గట్టిగా చెప్పు. మరీ చిక్కిపోయినవాటికి ఒక్కసారిగా ఉలవలూ దాణా కూడా ప్రమాదమే. మొదట శుభ్రమైన నీళ్లు, ఎండుగడ్డి, కొంచెంకొంచెంగా నాలుగైదుసార్లు. ఎవరైనా రాళ్లతో కొట్టినా ఊరుకోకు. జంతువుని చంపినా, అవిటిదాన్ని చేసినా కొత్త శిక్షాచట్టం, భారతీయ న్యాయ సంహితలో 325వ సెక్షన్ కింద అయిదేళ్ల దాకా జైలు.

లెక్చర్ ఇస్తున్నానని మీ అమ్మ అంటోంది. ఇవ్వడం లేదు. మరొక రెండు ముక్కలు చెప్పి వదిలేస్తాను.

నువ్వు జంతుహింస కేసు పెట్టమన్నావట. 1960 నాటి చట్టం అది, మేతా నీళ్లూ పెట్టకపోవడం నేరమే. కానీ మొదటిసారి దొరికినవాడికి జరిమానా పది రూపాయల నుంచి యాభై రూపాయలు. యాభై వేలు కాదు, యాభై. అది కట్టేసి ఇంటికొచ్చినవాడు ఎవరిమీద కసి పెట్టుకుంటాడు? రోడ్డుమీద జనానికి ప్రమాదమని తెలిసీ కట్టడి చేయకపోతే ఆ న్యాయ సంహితలోనే 291వ సెక్షన్ ఉంది, ఆరునెలల దాకా జైలో, అయిదు వేల దాకా జరిమానానో, రెండూనో. చీకట్లో బైకుకి అడ్డం పడితే ప్రాణాలు పోతాయి కనుక ఆ మాటే ముందు రాయాలి. రాసేది నువ్వొక్కదానివీ కాదు. కాలనీ సంఘం పేరుమీద, పదిమంది సంతకాలతో, మున్సిపాలిటీకి ఒకటి, స్టేషన్‌కి ఒకటి. నకలుమీద ముద్ర వేయించుకోండి. తీసుకెళ్లిపోండి అని మాత్రమే రాస్తే చాలదు, ఎక్కడికి అన్నది కూడా మీరే చూసి ఉంచుకోవాలి. దొడ్డిలో ఆకలితో చస్తే అది కూడా మీ కాగితం పుణ్యమే.

1962కి ఫోన్ చేస్తే పశువుల అంబులెన్స్ వస్తుంది, డబ్బు తీసుకోరు. డాక్టరుని తప్పకుండా చూడమను. దేనికైనా ముక్కులోంచి పసుపుపచ్చగా జిగురు కారుతుంటే, కాళ్లమీద గడ్డలు కట్టి పగులుతుంటే దగ్గరికి పోవద్దు. గ్లాండర్స్ అని ఒక జబ్బుంది, మనుషులకీ అంటుతుంది. రక్తం తీసి పరీక్షకి పంపుతారు, ఉన్నట్టు తేలితే గుర్రాన్ని చంపేయాల్సిందే, ప్రభుత్వం పరిహారం ఇస్తుంది. అలా ఉందని కాదు, చూసుకోమంటున్నాను. చిన్నదాన్ని వాటి వెనకవైపుకి అస్సలు పోనివ్వకు. ధనుర్వాతం రాకుండా వేసే టీటీ ఇంజెక్షన్లు ఎప్పుడు చేయించావు?

ఇక ఆ మనిషి సంగతి. వీడియో తీసేయమని చెప్పను, నీ ఇష్టం. కానీ అతని ముఖం ఉంటే అది బాగాలేదు. పరువు పోయినవాడికి గుర్రాలకంటే పంతం ఎక్కువవుతుంది. సంఘం పెద్దల్ని ఇద్దర్ని తీసుకుని, పగటిపూట, "మూఢం ఎలా గడుస్తోందయ్యా" అని అడుగుతూ మొదలుపెట్టండి. ఫిబ్రవరి దాటితే బేరాలొస్తాయి, అతనే వాటిని కడిగి ముస్తాబు చేస్తాడు. అప్పటిదాకా కాలనీవాళ్లంతా తలా కాస్త వేసుకుని గడ్డి తెప్పించి, కంచె వేయించమనండి. అతను ముందుకాళ్లకి బంధం వేసి వదిలేస్తానంటే ఒప్పుకోవద్దు, తాడు కోసుకుపోయి పుండ్లు పడతాయి. ఇంత చెప్పినా వినకపోతే అప్పుడు నీ కేసు నువ్వు వెయ్యి, నేనే వచ్చి సాక్ష్యం చెబుతాను.

నువ్వు మాత్రం రాత్రిపూట ఎవరు పిలిచినా గేటు దగ్గరికి వెళ్లకు. వెళ్లావా ఆరోజు? అత్త వెళ్లావంటోంది. చేతిలో చీపురు కూడా ఉందంటోంది. మీ అమ్మకి ఆ చీపురు సంగతి చెప్పలేదు, నువ్వూ చెప్పకు. మా అమ్మ అయితే రోకలి తీసుకునేది, అది వేరే సంగతి.

అల్లుడుగారు పుణె నుంచి వచ్చేదాకా మీ అమ్మ వస్తానంటోంది. నేనూ వస్తాను. నీకోసం కాదు, ఆ గిట్టలు ఒకసారి చూడాలని ఉంది. వద్దంటే కారణం ఏమిటో ఫోన్ చేసి చెప్పు, ఆదివారం పొద్దున చెయ్యి, మీటింగులుండవు కదా.

బస్సు పార్శిల్లో ఒక అట్టపెట్టె పంపుతున్నాను. అరిసెలు పైనున్నాయి, జాగ్రత్తగా విప్పు. జంతికలు చిన్నదానికి. గేటుకి గడియ, దానికి సరిపడా మేకులు, తాళం కాగితంలో చుట్టి పక్కన పెట్టాను, వడ్రంగిని పిలిచి ఆరోజే బిగించుకో. అడుగున ఉన్న రెండు కిలోల ఉలవలు మీకు, చారు పెట్టుకోవడానికి. వాటికి పెట్టేవు, జాగ్రత్త.

ఇట్లు,
నాన్న