నిద్రలేమి చికిత్సకూ బీమా వర్తించాలి

సంపాదకులకు నమస్కారం.

నిద్ర పట్టడం లేదని డాక్టరు దగ్గరకు వెళ్లినవారికి మన దగ్గర తరచూ దక్కేది ఆల్ప్రాజోలమ్ వంటి మాత్ర. వాడేకొద్దీ అలవాటుగా మారే ఇలాంటి మందుల కంటే ముందు, దీర్ఘకాలిక నిద్రలేమికి ఆలోచనలనూ అలవాట్లనూ సరిదిద్దే సీబీటీ-ఐ అనే చికిత్సనే ఇవ్వాలని అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2016లోనే సూచించింది. అందులో తర్ఫీదు పొందిన నిపుణులు జిల్లాల్లో దొరకడం కష్టం కనుక, అదే చికిత్సను ఫోన్ ద్వారా అందించే యాప్‌ల గురించి బీమా సంస్థలు ఆలోచించాలని కోరుతున్నాను.

ఈ యాప్‌లు జోలపాటలు వినిపించేవి కావు. రోగి ప్రతి ఉదయం తాను ఎప్పుడు పడుకున్నదీ, ఎప్పుడు నిద్ర పట్టిందీ, ఎప్పుడు లేచిందీ నమోదు చేయాలి. రాత్రి పదింటికి పక్క మీద చేరి ఆరింటికి లేచే మనిషికి నిజంగా పట్టే నిద్ర ఐదున్నర గంటలే అయితే, పన్నెండున్నర వరకు పడుకోవద్దనీ, లేవడం మాత్రం ఆరింటికే లేవమనీ చెబుతారు. పక్క మీద ఉన్న సమయంలో సుమారు 85 శాతం నిద్రగా మారాక పక్క మీద ఉండే సమయాన్ని కొద్దికొద్దిగా పెంచుతారు. మొదటి వారాల్లో పగటి మగత తప్పదు. కాబట్టి డ్రైవర్లూ, మూర్ఛ ఉన్నవారూ డాక్టరును అడగకుండా మొదలుపెట్టకూడదు.

జర్మనీలో 2019 నాటి చట్టం ప్రకారం, డాక్టరు రాసిస్తే సోమ్నియో అనే నిద్ర యాప్ ఖర్చును ప్రభుత్వ చట్టబద్ధ ఆరోగ్య బీమా నిధులు భరిస్తున్నాయి. ఇంగ్లండ్‌లో ఏ చికిత్స వాడదగినదో సూచించే నైస్ సంస్థ 2022లో స్లీపియో అనే యాప్‌ను నిద్రమాత్రలకు ప్రత్యామ్నాయంగా సిఫారసు చేస్తూ, డాక్టరు సందర్శనలూ మందుల వాడకమూ తగ్గి ఖర్చు ఆదా అవుతుందని చెప్పింది. దీనికి భిన్నంగా, అమెరికాలో 2020లో ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి పొందిన సోమ్రిస్ట్ అనే ఇలాంటి యాప్‌ను తయారుచేసిన పేర్ థెరప్యూటిక్స్ కంపెనీ, బీమా చెల్లింపులు తగినంతగా రాక 2023లో దివాలా తీసింది. చికిత్స పనిచేసినంత మాత్రాన చాలదు, దానికి డబ్బు చెల్లించేవారు కావాలి.

మన పాలసీల్లో అధిక భాగం ఆసుపత్రిలో చేరితేనే చెల్లిస్తాయి. నిద్రలేమితో ఎవరూ ఆసుపత్రిలో చేరరు. శారీరక వ్యాధులతో సమానంగా మానసిక వ్యాధులకూ బీమా ఉండాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెప్పినా, ఆ సమానత్వం ఆసుపత్రి మంచం దగ్గరే ఆగిపోతోంది. ఈ ఏడాది తాము ఖర్చు పెడితే, వచ్చే ఏడాది పాలసీదారు మరో కంపెనీకి మారిపోవచ్చన్నది బీమా సంస్థల సందేహం. అది న్యాయమైనదే. అందుకే ఉద్యోగుల గ్రూప్ పాలసీలతో మొదలుపెట్టవచ్చు. అక్కడ బీమా సంస్థతో సంబంధం ఎక్కువకాలం నిలుస్తుంది, ఉద్యోగి పనితీరు మెరుగైతే యజమానికీ లాభమే కనుక ఖర్చు పంచుకోవడానికి ముందుకు వస్తాడు. పైగా ఒకసారి తయారైన యాప్‌ను మరో వెయ్యి మందికి అందించడానికి వెయ్యి మంది నిపుణులు అక్కర్లేదు.

హైదరాబాద్‌లోనే ప్రధాన కార్యాలయం ఉన్న బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఈ విషయంలో చొరవ చూపాలి. భారతీయ రోగులపై పరీక్షించి ఫలితం నిరూపించిన యాప్‌లకే చెల్లింపు ఉండాలి. చదవలేనివారి కోసం అవి తెలుగులో మాట్లాడాలి. రోగి నమోదు చేసిన నిద్ర వివరాలను ప్రీమియం పెంచడానికి గానీ, తర్వాతి క్లెయిమ్‌ను తిరస్కరించడానికి గానీ వాడబోమన్న షరతును పాలసీ పత్రంలోనే రాయించాలి.

— విశ్రాంత బీమా ఉద్యోగి, హనుమకొండ