కోరింగకి వచ్చేవాళ్లు ఒకసారి చదవండి

అందరికీ నమస్కారం. ఆదివారం కాకినాడ నుంచి కోరింగ మడ అడవులకు ఫోటోలు తీయడానికి వెళ్తున్నాం కదా, బయల్దేరే టైమ్ ఆటుపోట్లు చూసుకుని శనివారం చెప్తాను. నీళ్లు తీసినప్పుడే అసలు ఫోటోలు. బురద బయటపడితే పీతలు, గెంతే చేపలు, వాటికోసం వచ్చే కొంగలు అన్నీ ఒక్కచోటే దొరుకుతాయి.

చెక్క వంతెన మీద నిలబడి పైనుంచి తీస్తే ఆ గెంతే చేప మట్టిముద్దలా కనిపిస్తుంది. పడుకునైనా సరే, లెన్స్ వీలైనంత కిందికి దించండి. తడి బురద మెరుస్తుంది, ఆ మెరుపు తగ్గించే పోలరైజర్ ఫిల్టర్ ఉంటే తెచ్చుకోండి. పెద్ద జూమ్ లేదని బాధపడేవాళ్లు వేర్లు చూడండి. బురదలో గాలి ఆడదు కాబట్టి మడ చెట్లు ఊపిరి కోసం వేర్లను పైకి పంపిస్తాయి. పొద్దుటి ఏటవాలు ఎండలో వాటి నీడలు అద్భుతం. కొన్ని ఆకుల మీద ఉప్పు పలుకులు కూడా ఉంటాయి, మాక్రో (చిన్నవాటిని బాగా దగ్గరగా) తీసేవాళ్లకు పండగే.

నీటికుక్కలు కనిపిస్తే అదృష్టం. బావురుపిల్లి (చేపలు పట్టే అడవిపిల్లి) మీద మాత్రం ఆశ పెట్టుకోకండి, అది రాత్రి తిరిగేది.

కాకినాడ దగ్గర సముద్రంలో ఉన్న దీవి, హోప్ ఐలాండ్, ఈసారి వద్దు. ఇది ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టే కాలం. టార్చ్, ఫ్లాష్ పడితే తల్లి గుడ్లు పెట్టకుండానే వెనక్కి పోవచ్చు, పిల్లలు సముద్రం వదిలి వెలుగు వైపు నడుస్తాయి.

డ్రోన్ తేవద్దు, కోరింగ అభయారణ్యం. ఉప్పు గాలికి లెన్స్ మసకబారుతుంది, మెత్తటి గుడ్డ మర్చిపోకండి. వచ్చేవాళ్లు ఈ రాత్రికల్లా పేరు పెట్టండి, పడవ మాట్లాడాలి.