నీడను సుద్దముక్కతో గీసిన అన్నకు

మేమంతా తలా కొంత వేసుకుని కమ్యూనిటీ హాలు మీద సోలార్ ప్యానెళ్లు పెట్టించుకున్నాం. మొదటి నెలలోనే కరెంటు అనుకున్నంత రాలేదు. డబ్బు పెట్టినవాళ్లకు ఏం చెప్పాలో తెలియక నాకు ఒకటే టెన్షన్.

ఎవరో చెబితే విని, పిలవకుండానే వచ్చారు మీరు. పొద్దున మేడెక్కినవారు సాయంత్రం దాకా దిగలేదు. గంటగంటకీ నీళ్ల ట్యాంకు నీడ ఎక్కడ పడుతోందో సుద్దముక్కతో గీస్తూ కూర్చున్నారు. రెండు దాటాక నీడ చివరి ప్యానెల్ మూలను తాకింది. "ఇవన్నీ సిరీస్‌లో, అంటే గొలుసులా ఒకదానికొకటి కలిపి ఉన్నాయమ్మా. ఒక్కదాని మీద నీడ పడ్డా వరుస మొత్తం ఇచ్చే కరెంటు తగ్గిపోతుంది" అని, ఆ ప్యానెల్‌ను పక్కకు మార్పించారు.

నా మనసులో నిలిచిపోయింది మాత్రం ఆ తర్వాతది. ఒక నోటుబుక్కులో మీరే గళ్లు గీసి నా చేతికిచ్చారు. ఇన్వర్టర్ మీద రోజూ ఎన్ని యూనిట్లు చూపిస్తోందో రాయమన్నారు. ప్యానెళ్లు వేడిగా ఉన్నప్పుడు నీళ్లు కొట్టొద్దు, పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు కడగమన్నారు. "రేపు నేనుండను కదా, మీరే చూసుకోవాలి" అంటూ విసుక్కోకుండా మూడుసార్లు చెప్పారు.

డబ్బివ్వబోతే చెయ్యి పట్టుకుని ఆపారు. పేరు చెప్పొద్దన్నారు, చెప్పట్లేదు. చాలా చాలా థ్యాంక్స్ అన్నా. నిన్నటి లెక్క కూడా ఆ పుస్తకంలో రాశాను.