ఇకపై ధర అంగుళాల లెక్కన కాదు, కుట్టు లెక్కన

నమస్కారం అండి. మీరు పంపే ఫొటోలు చూసి గుడ్డ మీద చేత్తో బొమ్మలు కుట్టిచ్చే మా చిన్న కుట్టుపని గదికి, రాజమండ్రిలో, ఆర్డర్లు ఇచ్చేవాళ్ళందరికీ ఒక మార్పు గురించి చెప్పాలి. ఇన్నాళ్ళూ గుడ్డ బిగించే గుండ్రటి రింగు సైజును బట్టి ధర చెప్పేవాళ్ళం. వచ్చే సంక్రాంతి ఆర్డర్ల నుంచి ఆ పద్ధతి మానేస్తున్నాం. కొన్నిటికి ధర బాగానే పెరుగుతుంది, కొన్నిటికి తగ్గుతుంది. ఎందుకో వివరంగా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

మేము వాడే కాటన్ దారం లచ్చి 8 మీటర్లు ఉంటుంది, అందులో ఆరు పోగులు. ఆరూ కలిపి గొలుసు కుట్టు వేస్తే చెట్టు మాను చకచకా నిండిపోతుంది. పసిబిడ్డ ముఖం కుట్టాలంటే మాత్రం సూదిలోకి ఒక్క పోగే ఎక్కించాలి. పొడుగు కుట్టు, పొట్టి కుట్టు పక్కపక్కన వేసుకుంటూ, ఒక రంగులోంచి ఇంకో రంగులోకి అతుకు కనబడకుండా జారుకోవాలి. వెలుగు పడే బుగ్గ ఒక్కదానికే నాలుగైదు షేడ్లు పడతాయి. దారం మూరెడుకు మించి కత్తిరించం. పొడుగైతే గుడ్డలోంచి దూరి దూరి నూగు లేచి మెరుపు పోతుంది. షేడ్లు పగటి వెలుతురులోనే ఎంచుతాం, ట్యూబ్‌లైటు కింద గులాబీ రంగు నమ్మలేం. ముసురు పట్టిన రోజుల్లో ముఖాల పని ఆగేది అందుకే.

బంతిపూలదీ అంతే. అన్నీ ఫ్రెంచ్ నాట్లు. సూది పైకి తీసి, దారం చుట్టి, బిగువు వదలకుండా పక్కనే దించాలి. చదరపు అంగుళం నిండడానికి ఇలాంటి ముడులు వందకు పైగా కావాలి. వేళ్ళతో తడిమితే ఉబ్బెత్తుగా, నిజం పువ్వులా తగులుతుంది. బంతిపువ్వుకు ఇంతకన్నా మంచి కుట్టు లేదని నా గట్టి నమ్మకం. ఈ పని ఆరంగుళాల రింగులో చేసినా, కాడ కుట్టుతో వేసిన పదంగుళాల తీగకన్నా ఎక్కువ రోజులు తింటుంది. సైజుతో ధర కడితే కుట్టేవాళ్ళ కూలి కూడా సైజుకే ముడిపడుతుంది. నేర్పు ఎక్కువున్న చేతికి డబ్బు తక్కువ ముట్టడం నాకు ఇష్టం లేదు.

కంప్యూటర్ మిషన్ మీద వేసి ఇవ్వొచ్చు కదా అని అడుగుతున్నారు. ఆ పని మేము చెయ్యం. మాది చేతికుట్టే.

ఈ మధ్య ఎక్కువమంది కోరుతున్నది గోదారి, పాత హేవలాక్ వంతెన. 1900 నుంచి 1997 దాకా రైళ్ళు మోసిన వంతెన అది, ఊరివాళ్ళకు దాని మీద అంత మమకారం ఉండదా మరి. గర్డర్ల కోసం మందపాటి బూడిద రంగు దారాన్ని గుడ్డ మీద పరిచి, సన్న పోగుతో అక్కడక్కడ బిగిస్తాం. నీళ్ళు నీలంగా ఉండాలని చాలామంది అంటారు. కానీ వాళ్ళు పంపే ఫొటోలు శ్రావణమాసపు వరదవి, ఆ నీళ్ళు ఎర్రగా ఉంటాయి. అందుకని ఇటుక రంగు పోగు ఒకటి, గోధుమ రంగు పోగు ఒకటి ఒకే సూదిలో ఎక్కించి, కుట్టు వాలు మారుస్తూ వేస్తాం. వాలు మారితే అదే దారం ఒకచోట మెరుస్తుంది, ఒకచోట మసకబారుతుంది. ప్రవాహం అలా వస్తుంది. నీలం అడిగినవాళ్ళకు చిన్న ముక్క కుట్టి చూపిస్తే, ఎరుపే ఉంచమంటున్నారు.

ఇక లెక్కలు. ఎనిమిదంగుళాల రింగులో గొలుసు కుట్టు, కాడ కుట్టు పనులు 1,200 రూపాయల నుంచి. అదే రింగు నిండా ఫ్రెంచ్ నాట్లయితే 2,400 నుంచి. ముఖాలు 3,800 నుంచి. బడ్జెట్ తక్కువైతే మొహమాటపడకండి. ఫొటోలో మీకు ఏ భాగం ప్రాణమో చెప్పండి. అమ్మమ్మ ముఖమా, ఆవిడ వెనకున్న మందార చెట్టా? అక్కడ ఒంటిపోగు పని పెట్టి, మిగతాది సాదా కుట్టుతో తేలిక చేస్తాం. అలా చేసినవి చాలాసార్లు నిండుగా కుట్టినవాటికన్నా బాగా వస్తున్నాయి, చూపు వెళ్ళాల్సిన చోటికే వెళ్తుంది.

ఇప్పటికే అడ్వాన్స్ ఇచ్చినవాళ్ళకు పాత ధరే, ఒక్క రూపాయి కూడా పెంచం. సంక్రాంతికి కావాలంటే ముఖాల ఆర్డర్లు దసరా లోపు, మిగతావి కార్తీక పౌర్ణమి లోపు ఇవ్వండి. ఆ తర్వాత వచ్చినవి ఉగాదికే అందుతాయి.