మన సినిమా సంఘం వార్షిక నివేదిక, 2024-25

సభ్యులందరికీ నమస్కారం.

పోయిన సర్వసభ్య సమావేశంలో "అవార్డు సినిమాలు చాలు, నిద్రొస్తోంది" అని మొహం మీదే చెప్పేశారు. అందుకే ఈ ఏడాదంతా తక్కువ డబ్బుతో తీసిన దెయ్యాల కామెడీలే వేశాం. ఎప్పట్లాగే విజయనగరంలో, గంటస్తంభానికి దగ్గర్లో ఒక సభ్యుడి మేడ మీద, నెలకొకటి. ఆగస్టులో వానకి తెర తడిసి సగంలో ఆపేశాం. అక్టోబరులో అసలు వెయ్యలేదు. ఊళ్లో పైడితల్లమ్మ జాతర, సిరిమానోత్సవం పెట్టుకుని దెయ్యాన్ని చూడ్డానికి ఎవరొస్తారు?

'ఈవిల్ డెడ్'తో మొదలుపెట్టాం. 1981లో వచ్చిన ఆ సినిమాలో భయమే ఎక్కువ. నవ్వంతా 1987 నాటి రెండో భాగంలో ఉంది. మొదటి భాగం తియ్యడం మొదలుపెట్టేనాటికి దర్శకుడు శామ్ రైమీకి ఇరవై ఏళ్లు. ఖరీదైన పరికరాలు లేక కెమెరాని చెక్కకి బిగించి, చెరో కొసా పట్టుకుని అడవిలో పరిగెత్తారు. చెట్ల మధ్య నుంచి మనుషుల మీదికి దూసుకెళ్లే దెయ్యం చూపు అదే. ఈ సంగతి ముందే చెప్పినా ఆ సీన్లో ముందు వరసంతా వెనక్కి జరిగింది.

జపాన్ సినిమా 'వన్ కట్ ఆఫ్ ది డెడ్' రోజు మాత్రం నాకు టెన్షన్. 2017లో సుమారు 30 లక్షల యెన్లతో తీశారు. మొదటి 37 నిమిషాలూ ఒకే షాటు, చూస్తే చెత్తలా ఉంటుంది. ఒకాయన చెప్పులు కూడా వేసుకున్నారు. బతిమాలి కూర్చోబెట్టాను. ఆ షాటు తీస్తున్నప్పుడు వెనకాల ఏం జరిగిందో చూపించేసరికి ఆయన నవ్వే వీధి చివరికి వినిపించింది. చూడనివాళ్ల కోసం ఇంతకంటే చెప్పను.

ఎక్కువ మంది వచ్చింది 'ఆనందో బ్రహ్మ'కి. అందులో దెయ్యాలే మనుషుల్ని చూసి హడలిపోతాయి. రబ్బరు చెయ్యి అని తెలిసీ ఎందుకు ఉలిక్కిపడతాం అని ఆ రాత్రి పెద్ద చర్చ. మనలో పెద్దావిడ మన వైపు వీధినాటకం తూర్పు భాగోతం గుర్తుచేసి ఒక్క మాటలో తేల్చేశారు: "తూర్పు భాగోతంలో సత్యభామ మగోడేనని ఊరందరికీ ఎరికే. ఐతే ఏటి? ఆవిడ అలిగితే ఏడిసీవోలం." నాకైతే ఇంతకంటే మంచి విమర్శ ఎక్కడా కనబడలేదు.

ఆ ఊపులో మన కుర్రాళ్లు ఫోనుతో తొమ్మిది నిమిషాల సినిమా తీశారు. రక్తానికి బెల్లం పాకం, మిఠాయి రంగు. రెండో టేకులోనే శవానికి చీమలు పట్టాయి. శవం లేచి పరిగెత్తింది. అదే సినిమాలో అన్నిటికన్నా బాగా వచ్చిన సీను, తీసెయ్యొద్దని కమిటీ తరఫున చెప్పాం.

అరుపులకి పిల్లల చదువు పాడవుతోందని పక్కింటివారు అడిగారు, న్యాయమే. ఇకనుంచి పరీక్షల నెలల్లో ప్రదర్శన ఉండదు.

జమాఖర్చుల పట్టీ విడిగా ఇస్తున్నాం. చందా బాకీలు చాలానే ఉన్నాయి, ఎవరివో వారికే తెలుసు. చీమల మందు ఖర్చు ఏ పద్దులో రాయాలని కోశాధికారి అడుగుతున్నారు, సమావేశంలో తేల్చండి.

ఇట్లు,
కార్యదర్శి