ఒంటరి వృద్ధుల గురించి తిరుపతి జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కలెక్టర్ గారికి నమస్కారాలు.

ప్రతి నెలా ఒకటో తేదీన సచివాలయ ఉద్యోగి మా బైరాగిపట్టెడకు పింఛను పంచడానికి వస్తారు. మా పక్కింటి పెద్దావిడ ఆ రోజు పొద్దున్నే స్నానం చేసి, వరండాలో కుర్చీ వేసి, కాఫీకి డికాక్షన్ దించి ఉంచుతారు. ఆ ఉద్యోగి వేలిముద్ర తీసుకుని, నాలుగు వేలు చేతిలో పెట్టి, ఇంకా ఎన్నో గడపలు ఎక్కాలి గనుక నిలబడే సెలవు తీసుకుంటారు. ఆయన తప్పేమీ లేదు, ఆయనకు అప్పగించిన పని అంతే. ఆ పనికి మరో ఐదు నిమిషాలు కలపమని అడగడానికే ఈ లేఖ.

ప్రపంచంలో ఆరుగురిలో ఒకరు ఒంటరితనం అనుభవిస్తున్నారని, ఏటా సుమారు 8.71 లక్షల మరణాలకు దానితో సంబంధం ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 జూన్‌లో ప్రకటించింది. పక్షవాతం, గుండెజబ్బుల ముప్పును పెంచే ఈ బాధను గుర్తించడం కష్టమేమీ కాదు. తోడు లేదనిపిస్తోందా, నలుగురూ పక్కన పెట్టేశారనిపిస్తోందా, అందరికీ దూరమైపోయినట్టుందా అన్న మూడు ప్రశ్నల కొలమానాన్ని పరిశోధకులు ఎప్పటినుంచో వాడుతున్నారు. పింఛను ఇచ్చేటప్పుడే వీటిని అడిగించి, అవునన్నవారి ఇంటికి వారం లోపల ఒకరిని పంపించండి. వృద్ధుల కోసం ఉన్న 14567 హెల్ప్‌లైన్ మంచిదే, కానీ ఒంటరితనంలో కూరుకుపోయిన మనిషి తనంతట తాను ఫోన్ చేయడం అరుదు.

పిల్లలు బెంగళూరులోనో అమెరికాలోనో స్థిరపడి, డబ్బుకు లోటు లేకుండా తాళం వేసిన గేటు వెనక బతుకుతున్నవారు పింఛను జాబితాలో ఉండరు. వారిని విడిగా వెతకాలి.

ఆ తర్వాత నలుగురూ కలిసే చోటు కావాలి. ప్రకాశం పార్కుకు వెళ్లగలిగేది మోకాళ్లు సహకరించేవారే. అందుకే ప్రతి వార్డులో నడిచి వెళ్లేంత దూరంలో ఒక గది, చేతులున్న కుర్చీలు, మెట్లు లేని మరుగుదొడ్డి ఏర్పాటు చేయించండి. అక్కడ పెద్దలను టీవీ ముందు కూర్చోబెట్టి వదిలేయకుండా, వారికి ఏదైనా పని అప్పగించండి. జింబాబ్వేలో 2006లో మొదలైన ఒక పథకంలో శిక్షణ పొందిన అవ్వలు ఆసుపత్రుల దగ్గర బెంచీ మీద కూర్చుని, కుంగిపోయినవారి కష్టాలు వింటారు. మన ఊరి విశ్రాంత ఉపాధ్యాయులు పిల్లలకు ఎక్కాలు, పద్యాలు నేర్పలేరా?

2007 నాటి వృద్ధుల సంక్షేమ చట్టం పోషణకూ ఆశ్రమాలకూ దారి చూపింది గానీ, సొంత ఇంట్లోనే ఒంటరైపోయినవారికి తోడు చూపలేదు. దయచేసి ఒక్క వార్డులో మొదలుపెట్టించి, ఆరు నెలల తర్వాత అవే మూడు ప్రశ్నలు మళ్లీ అడిగించండి. జవాబులు మారకపోతే పద్ధతి మార్చండి, పని మాత్రం ఆపవద్దు.

భవదీయుడు,
తిరుపతి నివాసి