పనాజీలో పేకముక్క ముట్టకుండా

బర్కత్‌పురా,
హైదరాబాద్.

ఒరేయ్ మురళీ,

ఎలా ఉన్నావు? ఇంట్లో అందరూ బాగున్నారా? అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా?

మీ ఆఫీసు వాళ్లు గోవా ప్లాన్ చేశారని, రాత్రిళ్లన్నీ మాండవి నది మీది కాసినోలోనేనని మొన్న ఫోన్లో చెప్పావు. నీకేమో పేకాటంటే చిన్నప్పటి నుంచీ పడదు. "వాళ్లు ఆడుకుంటారు, నేను హోటల్ గదిలో పడుకుని సినిమాలు చూసుకుంటాలే" అన్నావు చూడు, ఆ మాటకి నాకు మనసొప్పలేదురా. ఉద్యోగం పేరుతో ఆ ఊళ్లో ఉండొచ్చినవాణ్ణి, పనాజీ అంటే నాకెంత ఇష్టమో నీకు తెలుసు. ఫోన్లో చెబితే సగం మర్చిపోతావని తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. ప్రింటు తీసి జేబులో పెట్టుకో.

ముందు అసలు సంగతి. కాసినో బ్యాచ్ తెల్లవారుజామున గదికొచ్చి పడుకుంటే మధ్యాహ్నం దాకా లేవదు. అంటే పొద్దున ఆరు నుంచి ఒంటిగంట దాకా నిన్ను అడిగేవాళ్లే ఉండరు. పనాజీ బాగుండేది కూడా సరిగ్గా ఆ వేళల్లోనే. ఒంటిగంటకి చాలా షాపులు షట్టర్లు దించేస్తాయి. భోంచేసి, ఓ కునుకు తీసి మళ్లీ సాయంత్రం తెరుస్తారు. ఆ ఉక్కపోతకి అదే మంచి పద్ధతి. నువ్వూ అప్పుడే వచ్చి పడుకో. సాయంత్రం అందరితో కలిసి బయల్దేరొచ్చు, ఎవరికీ కోపం రాదు. "వాళ్లేమనుకుంటారో" అని టెన్షన్ పడకు.

ఒక రాత్రి మాత్రం వాళ్లతో వెళ్లు, తప్పేం లేదు. జెట్టీ దగ్గర చిన్న పడవ ఎక్కించి నది మధ్యలో ఉన్న ఓడ దగ్గరికి తీసుకెళ్తారు. చాలావాటిలో టికెట్‌తోనే భోజనం, ఆటాపాటా ఉంటాయి. తిని, చూసి, తిరుగు పడవలో వచ్చేయ్. నీకు తెలుసా, గోవా వాళ్లకి ఆ కాసినోల్లోకి ప్రవేశం లేదు. 2020 నుంచి ఆడుకోవడానికి బయటివాళ్లనే రానిస్తున్నారు. ఊరివాళ్ల పనాజీ అంతా ఒడ్డు మీదే ఉంది, నువ్వు చూడాల్సింది దాన్నే.

మొదటి రోజు పొద్దున్నే లేచి ఫౌంటెన్హాస్‌కి నడువు. పాత పోర్చుగీసు పేట అది. ఇళ్లకి పసుపు, నీలం, ఇటుక రంగు గోడలు, చిన్న చిన్న బాల్కనీలు, వీధి పేర్లు రాసిన నీలి పింగాణీ పలకలు. తెలుపు చర్చిలకే వదిలేసి ఇళ్లకి రంగులేసేవారని, వానాకాలం కాగానే మళ్లీ వేయించేవారని అక్కడి పెద్దవాళ్లు చెబుతారు. తొమ్మిది దాటితే ఫోటోల కోసం వచ్చే జనం ఎక్కువైపోతారు, అందుకే ముందే వెళ్లమంటున్నాను. ఒక్క మాట, అవి మనుషులు కాపురం ఉంటున్న ఇళ్లు. మెట్ల మీద కూర్చుని ఫోటోలు దిగకు, వాళ్లు ఇప్పటికే విసిగిపోయి ఉన్నారు.

ఆ వేళలోనే పొదేర్ కనిపిస్తాడు. పొదేర్ అంటే రొట్టెలవాడు. సైకిల్ వెనక పెద్ద బుట్ట, దాని మీద నీలం ప్లాస్టిక్ పట్టా, చేతికింద రబ్బరు హారన్. పోంక్ పోంక్‌మంటే తలుపులు తెరుచుకుంటాయి. పొయ్ అడుగు. పైన గోధుమ తవుడు అంటుకుని, లోపల గుల్లగా, సంచిలా ఉంటుంది. వేడిగా ఉన్నప్పుడు చింపితే ఆవిరి వస్తుంది. దానికి కూర కూడా అక్కర్లేదు. కూర కావాలంటే చర్చి కూడలికి దగ్గర్లోనే కేఫ్ టాటో ఉంది, భాజీ-పావ్ తిను. బొంబాయి పావ్ భాజీ వేరు, ఇది వేరు. బఠాణీలతోనో బంగాళాదుంపతోనో చేసిన పల్చటి కూరలో పావ్ ముంచుకుని తినాలి. పక్కన మిర్చి బజ్జీ కూడా పెడతారు. నీలాంటి శాకాహారికి గోవాలో ఏం దొరుకుతుందని భయపడ్డావు కదా, ఇదుగో ఇది దొరుకుతుంది.

ఆ పేటలోనే సెయింట్ సెబాస్టియన్ చాపెల్ అని చిన్న గుడి లాంటిది ఉంది. లోపల ఏసు శిలువ చూడు. మామూలుగా తల వాల్చి, కళ్లు మూసుకుని ఉంటాడు కదా, ఇక్కడ కళ్లు తెరిచి చూస్తుంటాడు. ఒకప్పుడు ఆ శిలువ పాత గోవాలో మతవిచారణ (మతం తప్పారంటూ జనాన్ని విచారించి శిక్షించిన చర్చి కోర్టు, ఇన్‌క్విజిషన్) జరిపిన భవనంలో ఉండేది. దాని ఎదుట నిలబడ్డవాళ్ల సంగతి తలుచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది.

అక్కణ్నుంచి నది ఒడ్డుకొస్తే పాత సచివాలయం. అది మొదట్లో బీజాపూర్ ఆదిల్‌షాహీల కోట, మన గోల్కొండ కుతుబ్‌షాహీల పొరుగువాళ్లదే. పక్కనే అబ్బే ఫరియా విగ్రహం ఉంటుంది. 1756లో గోవాలో పుట్టిన ఈ పాదిరీ హిప్నాటిజం మీద పనిచేసిన తొలితరం మనిషి. పోర్చుగల్ రాణి ముందు ప్రసంగించబోయి నోరు పెగలక నిలబడిపోతే, తండ్రి కొంకణిలో మెల్లగా అన్నాడట: "వీళ్లంతా కూరగాయలేరా, కోసెయ్!" అంతే, భయం పోయి గడగడా మాట్లాడేశాడట. మీటింగుల్లో చెమటలు పట్టినప్పుడల్లా నాకు ఆ మాటే గుర్తొస్తుంది. నీకూ పనికొస్తుంది.

రెండో రోజు పూర్తిగా పాత గోవాకి ఇచ్చేయ్. పది కిలోమీటర్లు ఉంటుంది, పనాజీ కదంబ బస్టాండ్‌లో బస్సులు దొరుకుతాయి. దారిలో రైబందర్ వైపు ఉప్పుమళ్ల మీదుగా మూడు కిలోమీటర్ల పొడవు కట్ట మీద బస్సు వెళ్తుంది, 1630లలో కట్టింది, ఇంకా వాడుతున్నారు. కుడి ఎడమల కొంగలు నిలబడి ఉంటాయి. గోల్కొండ వజ్రాలు కొనేందుకు యూరప్ వర్తకులు దిగిన ఊరు ఈ పాత గోవానే. తర్వాత రోగాలు చుట్టుముట్టి జనం ఖాళీ చేశారు, చివరికి 1843లో రాజధాని పనాజీకి మారింది. ఇప్పుడు చెట్ల మధ్య చర్చిలే మిగిలాయి.

బామ్ జీసస్ చర్చి అందరూ చూస్తారు, నువ్వూ చూడు. 1605లో పూర్తయింది. క్రైస్తవ మతప్రచారకుడు సెయింట్ ఫ్రాన్సిస్ జేవియర్ దేహం అక్కడే ఉంది. కింద పాలరాతి సమాధి ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో చేయించి తెచ్చింది, పైన వెండి పేటిక గోవా కంసాలుల చేతిపని. గైడ్లు పాలరాతి గురించే చెబుతారు. నువ్వు వెండి పని దగ్గర కాసేపు ఆగు.

కానీ నేను నిన్ను పాత గోవాకి పంపిస్తున్నది దానికోసం కాదు. కొంచెం పైకి నడిస్తే సెయింట్ అగస్టీన్ మఠం శిథిలాలున్నాయి. లేటరైట్ ఎర్రరాయితో కట్టిన 46 మీటర్ల గోపురం, సగం కూలిపోయి ఒంటరిగా నిలబడి ఉంటుంది. దాని గంట ఇప్పుడు పనాజీ చర్చిలో మోగుతోంది. ఈ శిథిలాల్లో దొరికిన ఒక ఎముక కథ చెబుతాను విను.

జార్జియా దేశంలో కేతెవాన్ అని ఒక రాణి. పర్షియా షా అబ్బాస్ ఆమెని ఏళ్ల తరబడి బందీగా ఉంచాడు. మతం మారనన్నందుకు 1624లో షిరాజ్‌లో చిత్రహింసలు పెట్టించి చంపించాడు. అక్కడున్న అగస్టీనియన్ సన్యాసులు ఆమె ఎముకలు సేకరించి, కొన్నింటిని గోవాలో ఈ మఠానికి చేర్చారు. ఏ గదిలో, ఏ కిటికీ పక్కన పెట్టారో కూడా పోర్చుగీసు రాతల్లో ఉంది. కానీ మఠమే కూలిపోయింది. జార్జియా వాళ్లకి ఆవిడ పుణ్యస్త్రీ. వాళ్లు ఆ అవశేషాల కోసం గోవాకి మళ్లీ మళ్లీ వచ్చారు. చివరికి పురావస్తు శాఖ తవ్వకాల్లో ఒక ఎముక బయటపడింది. అది ఆమెదేనని తేల్చేదెవరు?

మన హబ్సిగూడ సీసీఎంబీ, అదే జీవకణాల మీద, డీఎన్‌ఏ మీద పరిశోధనలు చేసే సంస్థ! నువ్వు రోజూ ఉప్పల్ వెళ్తూ దాటిపోయే ఆ గేటు లోపలే ఆ పని జరిగింది. ఎముకలోంచి డీఎన్‌ఏ తీసి, తల్లి నుంచి బిడ్డలకి వచ్చే వంశగుర్తుని వేలమంది భారతీయుల నమూనాలతో పోల్చారు. ఎక్కడా కలవలేదు. జార్జియా వాళ్లతో కలిసింది. అది ఆ రాణిదే అయ్యుండొచ్చని శాస్త్రవేత్తలు ప్రకటించారు. 2021లో విదేశాంగ మంత్రి జైశంకర్ స్వయంగా జార్జియా తీసుకెళ్లి అప్పగించారు. ఆ గోడల మధ్య నిలబడినప్పుడు ఈ సంగతి తెలిసి ఉండాలిరా, లేకపోతే అవి ఉత్త రాళ్లలా కనిపిస్తాయి. అందుకే ఇంత రాశాను.

అక్కణ్నుంచి కిందికి దిగితే వైస్రాయి తోరణం, దాని అవతల ఫెర్రీ. దివార్ దీవికి కొద్ది నిమిషాల్లో దాటిస్తుంది. వరిచేలు, పాత ఇళ్లు, గుట్ట మీద చర్చి. హోటళ్ల హడావిడి ఉండదు. ఆకలేస్తే ఏమీ దొరక్కపోవచ్చు, పొద్దున కొన్న పొయ్ సంచిలో వేసుకెళ్లు.

అమ్మ గుడి గురించి అడుగుతుంది కదా, పోండా వైపు మంగేశీ గుడికి వెళ్లు. పోర్చుగీసు వాళ్ల హయాంలో 1560లో దేవుణ్ని నది దాటించి, వాళ్ల ఏలుబడి లేని చోటికి తెచ్చి నిలబెట్టుకున్నారు. ఏడంతస్తుల దీపస్తంభం బాగుంటుంది. లతా మంగేష్కర్ ఇంటిపేరు ఆ ఊరి నుంచి వచ్చిందేనని చెబితే అమ్మ ఇంకా సంతోషిస్తుంది.

మీవాళ్లు విమానం టికెట్లు ఇంకా తీయకపోతే సికింద్రాబాద్ - వాస్కో రైలు సంగతి చెప్పు. 2024 నుంచి వారానికి రెండుసార్లు నడుస్తోంది. కనీసం తిరుగు ప్రయాణమైనా అందులో పెట్టుకోండి. వెళ్లేటప్పుడు ఘాట్ చీకట్లో దాటిపోతుంది. వచ్చేటప్పుడు పొద్దున వాస్కోలో బయల్దేరుతుంది కాబట్టి దూద్‌సాగర్ జలపాతం పక్కనుంచి పగటిపూట వెళ్తావు. వానలు తగ్గిన వెంటనే అయితే నీళ్లు రైలు మీదికే దూకుతున్నట్టుంటాయి.

సమయం చాలకపోతే మంగేశీ, దివార్‌లలో ఒకటి వదిలేయ్, అగస్టీన్ గోపురం మాత్రం వదలొద్దు. వస్తూ వస్తూ నాకు బెబింకా తీసుకురా. కొబ్బరిపాలు, నెయ్యి పోసి పొర మీద పొర కాల్చిన కేకు అది. గుడ్డు ఉంటుంది, కాబట్టి నీకు పనికిరాదు, అంతా నాకే. టికెట్లు ఖాయమయ్యాక తేదీలు మెసేజ్ పెట్టు, ఫౌంటెన్హాస్‌లో మంచి బస ఒకటి కనుక్కుని చెబుతాను. అమ్మకి నమస్కారాలు చెప్పు.

నీ
సత్యం